దూరవిద్యకు ఇరుగుపొరుగు అండ

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి దగ్గరే ఉండి చదువుకొనే మన పిల్లల గురించి రెండు మాటలు మనవి చేస్తాము.

దూరవిద్య మనకు కొత్త కాదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలిసింది. 1991 నుంచి అది డాక్టర్ అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా మొదట దూరవిద్యతోనే పని ఆరంభించింది. పది, ఇంటరు చదువులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూలు సొసైటీలున్నాయి. పెళ్ళయిన ఆడపిల్లలకు, పగలంతా మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రవాళ్ళకు ఇవి పెద్ద ఆసరా.

కాని పుస్తకాలు చేతికి వచ్చినంత మాత్రాన చదువు రాదు గదా! 2020లో కరోనా వల్ల బడులు మూతపడ్డప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసివచ్చింది. తెలంగాణలో ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు వచ్చాయి. పాఠాలు వచ్చాయి సరే, ఎన్నో ఇళ్ళల్లో ముగ్గురు పిల్లలకు ఒక్కటే ఫోను. అదీ అబ్బా పనికి పోతే ఆయన జేబులోనే. అనుమానం వస్తే అడగడానికి మనిషి లేడు. బడులు మళ్ళీ తెరిచారు గాని, ఇంట్లో కూర్చుని చదివేవాళ్ళకు ఆ ఇబ్బంది తీరలేదు.

ఇది ఒక్క సొసైటీ వల్ల అయ్యే పని కాదు. ఎవరి దగ్గర ఏమున్నదో అది కలపాలి. మదర్సాలో ఖాళీగా ఉండే వేళ ఒక గది అడుగుదాం. స్టడీ సెంటరు వారి వద్ద అడ్మిషను, పరీక్ష ఫీజు తేదీలు ముందే తెలుసుకుంటే, మసీదు కమిటీ వారు జుమా నమాజు తర్వాత ప్రకటిస్తారు. రిటైరైన మాస్టార్లను, మనవాళ్ళయినా ఇతర మతస్థులయినా, వారానికి రెండు రోజులు లెక్కలు, ఇంగ్లీషు చెప్పమని ఇంటికి వెళ్ళి అడుగుదాం. ఇంటికి వెళ్ళి అడిగితే కాదనేవారు తక్కువ. నెట్ సెంటరు నడిపే సోదరులు దరఖాస్తులు నింపిపెట్టగలరు. ఆడపిల్లలకు వేరే వేళ పెట్టి, చదువుకున్న ఆపా ఒకరు తోడుంటే తల్లిదండ్రులు ధైర్యంగా పంపుతారు.

చందా ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. ఈ నెలలోనే మహల్లాలో ఇంటింటికీ తిరిగి, చదువు మధ్యలో మానినవారి పేర్లు రాసుకుందాం. ఇల్మ్ సంపాదించడం ఆడ మగ అందరికీ ఫర్జ్ అంటాము. పక్కింటి అమ్మాయి ఆ ఫర్జ్ తీర్చుకొనేలా చూడడం మనందరి బాధ్యత. అల్లాహ్ మనకు ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.