అరవై దాటాక గిటారు సాధన

(శ్రీకాకుళంలో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి పొద్దుటినుంచీ మాట్లాడుకున్నాం. కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం వేరు. పదవీ విరమణ చేసిన మన సభ్యుల్లో కొందరు ఈ మధ్య గిటారు పట్టారు. కొందరివి మనవలు పై చదువులకు వెళుతూ వదిలిపెట్టిన గిటార్లు, కొందరు స్వయంగా కొనుక్కున్నారు. అందులోనూ జాజ్ సంగీతం మీద మక్కువ పడ్డారు. "సాధన ఎలా చెయ్యాలో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను విద్వాంసుణ్ణి కాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సాయంత్రాలు గిటారు వాయించుకున్నాను, రిటైరయ్యాక నలుగురికి నేర్పుతున్నాను. ఆ అనుభవంతోనే మాట్లాడతాను.

ఈ వయసులో ఇదేం పెద్ద సమస్య అనుకోకండి. మన వయసువాళ్ళు వాద్యం మొదలుపెట్టి మానెయ్యడానికి నేను చూసిన కారణాలు రెండే. మొదటి వారం ఉత్సాహం కొద్దీ రోజుకు మూడు గంటలు వాయిస్తారు, రెండో వారానికి మణికట్టు పట్టేస్తుంది. లేదా నెల తిరిగేసరికి "మనకిక రాదులే" అని గిటారు బీరువా మీదికి ఎక్కిస్తారు. చెయ్యి దెబ్బతింటే చొక్కా గుండీ పెట్టుకోవడానికీ ఇబ్బందే. "నాకిక ఏదీ రాదు" అనే మాట మనసులో నాటుకుంటే అది గిటారు దగ్గర ఆగదు, తక్కిన పనులకూ పాకుతుంది. అందుకే సాధన పద్ధతి ముఖ్యం. నేను చెప్పేదల్లా ఒక్కటే: కొంచెం, నిదానంగా, రోజూ, నొప్పి లేకుండా.

జాజ్ అనగానే మనది కాదనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో, న్యూ ఆర్లియన్స్ వంటి ఊళ్ళలో నల్లజాతివారు రూపు దిద్దిన సంగీతమది. దానికి ప్రాణం అప్పటికప్పుడు కల్పించి వాయించడం. మన వాళ్ళు దాన్నే మనోధర్మం అన్నారు. ఆ మాట ఈ ఊరికి కొత్త కాదు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు ఈ శ్రీకాకుళంలోనే పుట్టారు. వారి గురువు పెదకళ్ళేపల్లికి చెందిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు. ఆయన గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారు త్యాగరాజస్వామి శిష్యులు. 1951లో కన్నుమూసేలోగా పంతులు గారు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిని, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారిని తీర్చిదిద్దారు. త్యాగయ్య గారి విద్య కావేరి ఒడ్డునుంచి మన కృష్ణ ఒడ్డుకు వచ్చింది ఇలా గురుముఖంగానే. మనోధర్మానికి పునాది సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారాలు. వాటిని మూడు కాలాల్లో పలికించిన తరువాతే కల్పన. జాజ్ గిటారుకూ దారి అదే.

మొదటి అలవాటు: వేళ్ళకంటే ముందు చెవి, గొంతు. మాండొలిన్ శ్రీనివాస్ గారు 1969లో పాలకొల్లులో పుట్టారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. పాశ్చాత్య వాద్యం మీద కర్ణాటక సంగీతం అలా పలికింది. తరువాతి కాలంలో జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ప్రసిద్ధ జాజ్ గిటారిస్టు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని కచేరీలు చేశాడు. 2014లో శ్రీనివాస్ గారు మనల్ని విడిచి వెళ్ళారు గాని ఆ పద్ధతి మనకు మిగిలింది. అమెరికాలో వెస్ మాంట్‌గోమరీ అనే ఆయన ఇరవయ్యేళ్ళ ప్రాయంలో గిటారు పట్టాడు. పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి క్లబ్బులో వాద్యం. స్వరలిపి చదవడం రాదు. చార్లీ క్రిస్టియన్ రికార్డులు వినీ వినీ, వాటిని యథాతథంగా వాయించి నేర్చుకున్నాడు. కాబట్టి ఒక చిన్న పలుకు తీసుకోండి. పది సార్లు వినండి, గొంతుతో పాడండి, ఆ తరువాతే తీగ మీటండి. నోట పలకనిది వేలికి అందదు.

రెండో అలవాటు: కాలం కొలత. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు బెర్లిన్‌లోని సంగీత విద్యార్థుల మీద చేసిన పరిశీలనను ప్రచురించారు. వారిలో మేటి వయొలిన్ విద్యార్థులు కూడా ఏకబిగిన గంటన్నరకు మించి సాధన చేసేవారు కాదు. మధ్య మధ్య విశ్రాంతి తీసుకునేవారు, మధ్యాహ్నం కాసేపు కునుకు తీసేవారు. అన్ని గంటలు సాధన చేసే కుర్రవాళ్ళకే అంత విశ్రాంతి కావలసివస్తే మన సంగతి చెప్పాలా? ఉదయం కాఫీ తరువాత ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే రోజూ ఇరవై నిమిషాలు మేలు. నేర్చుకున్నది రాత్రి నిద్రలోనే కుదురుకుంటుందని పరిశోధకులు చెబుతున్నారు. నిద్ర మానుకుని చేసిన సాధన చిల్లుకుండలో నీళ్ళే. ఒక రోజు తప్పితే బెంగ పడకండి. మర్నాడు రెట్టింపు చెయ్యకండి కూడా.

మూడో అలవాటు: ముడి ఎక్కడుందో అక్కడే విప్పడం. చాలామంది పాట మొదటినుంచి చివరిదాకా వాయిస్తారు, తప్పు వచ్చినచోట తడబడి దాటేస్తారు. అలా పది సార్లు వాయిస్తే ఆ తప్పే పది సార్లు సాధన చేసినట్లు. తడబడిన ఆ రెండు తాళావర్తాలే తీసుకుని, తప్పు రానంత నిదానంగా వాయించండి. తాళం కోసం మెట్రోనోమ్ పెట్టుకోండి, ఇప్పుడది సెల్‌ఫోనులోనే ఉంటుంది. వరుసగా ఐదు సార్లు శుభ్రంగా వస్తేనే కాలం కొంచెం పెంచండి.

ఒక ఉదాహరణ చెబుతాను. జాజ్‌లో మాటిమాటికీ వచ్చే మూడు స్వర సముదాయాలున్నాయి. శంకరాభరణం స్వరాలతో చెప్పుకుందాం. మొదటిది రి-మ-ద-స, రెండోది ప-ని-రి-మ, మూడోది స-గ-ప-ని. మొదటి దానిలోని షడ్జం రెండో దానిలో ఒక్క మెట్టు దిగి నిషాదమవుతుంది. రెండో దానిలోని మధ్యమం మూడో దానిలో ఒక్క మెట్టు దిగి గాంధారమవుతుంది. ఈ రెండు దిగుళ్ళనే వారం రోజులు పాడుతూ వాయించండి. అప్పుడు ఏ పాటలో ఈ వరుస వచ్చినా చెవి పట్టేస్తుంది. ఆ పైన మీ సొంత కల్పన మూడు స్వరాలతో మొదలుపెట్టవచ్చు. రోజూ సాధనలో చివరి ఐదు నిమిషాలు ఆ కల్పనకే ఉంచండి.

నాలుగోది ఆరోగ్యం. దయచేసి దీన్ని శ్రద్ధగా వినండి. జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ యౌవనంలోనే కుడిచెయ్యి దెబ్బతిని పియానో కచేరీల ఆశ వదులుకున్నాడు. అంతటివాడికే తప్పలేదు. చేతులు లేని కుర్చీలో నిటారుగా కూర్చోండి. భుజాలు వదులుగా ఉంచండి, ఎడమ మణికట్టును బాగా వంచకండి. మొదట్లో నైలాను తీగల గిటారు వేళ్ళకు సుఖం. తీగలు మెట్లకు మరీ ఎత్తుగా ఉంటే బాగుచేసేవారి చేత దింపించండి, సగం నొప్పి అక్కడే పోతుంది. స్వరం పలకడానికి ఎంత ఒత్తిడి కావాలో అంతే నొక్కండి. పది నిమిషాలకొకసారి గిటారు పక్కన పెట్టి చేతులు విదిలించండి.

వేలి కొసలు మొదటి వారాల్లో కాస్త మండడం సహజం. మణికట్టులో, మోచేతిలో, భుజంలో నొప్పి వస్తే మాత్రం ఆపెయ్యాలి. తిమ్మిరి వచ్చినా, వేలు ముడిచాక తెరుచుకోకుండా పట్టేసినా డాక్టరుగారికి చూపించండి. మనలో షుగరు ఉన్నవారు చాలామంది ఉన్నారు. వారికి ఇలా వేలు పట్టెయ్యడం ఎక్కువ, స్పర్శ తగ్గితే వేలి కొసన పుండు పడినా తెలియదు. రోజూ సాధన అయ్యాక వేళ్ళు చూసుకోండి.

వేళ్ళు వంగడం లేదని దిగులుపడేవారికి జాంగో రైన్‌హార్ట్ కథ చెప్పాలి. 1928లో అగ్నిప్రమాదంలో ఆయన ఎడమ చేతి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్ళతోనే ప్రధానంగా వాయిస్తూ ఐరోపా ఖండంలో జాజ్ గిటారుకు పేరు తెచ్చాడు. ఆయన పాత పద్ధతిని మళ్ళీ పట్టుకు వేళ్ళాడలేదు. ఉన్న వేళ్ళకు తగిన పద్ధతి కల్పించుకున్నాడు. మనమూ అంతే. నాలుగు మెట్లు సాగలేకపోతే మూడు మెట్ల స్వర సముదాయం వెతుక్కుందాం.

చివరగా మనసు సంగతి. సెల్‌ఫోనులో పన్నెండేళ్ళ పిల్లవాడు మెరుపులా వాయించడం చూసి కుంగిపోకండి. పోలిక నిన్నటి మీతోనే. ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, ఏం వాయించాను, ఏం కుదిరింది, రేపు ఏం చెయ్యాలి అని నాలుగు ముక్కలు రాయండి. ముప్ఫై ఏళ్ళు రిజిస్టర్లు రాసినవాళ్ళం, ఇది మనకు కొత్త కాదు. నెల తరువాత వెనక్కి తిరగేస్తే ఎంత దూరం వచ్చారో మీకే తెలుస్తుంది. ఇంట్లోవాళ్ళ వీలు కూడా చూసుకోండి. పిల్లల పరీక్షల వేళ, పక్కవాటా వారి నిద్రవేళ వద్దు. మాంట్‌గోమరీ ఇరుగుపొరుగు వారి కోసమే పిక్కు మానేసి బొటనవేలితో మెల్లగా మీటడం మొదలుపెట్టాడంటారు. ఆ మెత్తని నాదమే ఆయనకు చిరునామా అయింది.

గిటారు నేర్చుకుంటున్న సభ్యులకు నాదొక మనవి. వచ్చే నెల సమావేశంలో టీ విరామం ముందు పది నిమిషాలు మీకు కేటాయించమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. ఒక్కొక్కరు ఒక చిన్న పలుకు వాయించండి, తప్పొచ్చినా సరే. వినేవాళ్ళు ఎదురుచూస్తున్నారంటే సాధన దానంతటదే సాగుతుంది. తక్కిన సభ్యులు ఓపికగా విని ఒక మంచి మాట చెప్పండి.