పెద్దమ్మ పాటకు కంప్యూటరు తంబురా



హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురం, షోలాపూరు, యానాం ఎక్కడ ఉన్నా, మీ ఇంట్లో పాటలు పాడే పెద్దావిడ ఒకరు ఉండే ఉంటారు. నలుగు పాటో, ఇసురురాయి పాటో, నాట్ల పాటో. ఏ పుస్తకంలోనూ అచ్చుకాని పాటలు అవి. వాటిని ఇంట్లోనే కంప్యూటరులో రికార్డు చేసి, వెనక తంబురానో తబలానో చేర్చుకునే వీలు ఇప్పుడు మనకు ఉంది. వాయిద్యం కొనక్కరలేదు, వాయించేవారిని పిలవక్కరలేదు. ఈవేళ ఆ సంగతి ముచ్చటించుకుందాం. ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటుంది, అదీ చెబుతాను.

ముందు, ఈ ప్లగిన్ అంటే ఏమిటో చూద్దాం. రికార్డింగ్ సాఫ్ట్‌వేరు అనేక వరుసలున్న టేపురికార్డరు లాంటిది. ఒక వరుసలో గొంతు, ఇంకో వరుసలో తాళం, దేనికది విడిగా ఉంటాయి. ప్లగిన్ ఆ సాఫ్ట్‌వేరు లోపల కూర్చునే వాయిద్యం. మీరు చిన్న కీబోర్డు మీద మెట్టు నొక్కితే అక్కడినుంచి శబ్దం రాదు, కబురు మాత్రమే వెళుతుంది: ఏ మెట్టు, ఎంత గట్టిగా, ఎంతసేపు అని. 1983లో వచ్చిన మిడి పద్ధతి ఇదే. శబ్దం పుట్టించేది ప్లగిన్. కాబట్టి ఇవాళ హార్మోనియంగా వాయించినదాన్ని రేపు వేణువుగా మార్చుకోవచ్చు, తప్పు పడిన ఒక్క స్వరాన్నీ జరుపుకోవచ్చు. జర్మనీకి చెందిన స్టెయిన్‌బర్గ్ సంస్థ 1996లో వి.ఎస్.టి. అనే ప్లగిన్ పద్ధతి తెచ్చింది. 1999లో వాయిద్యాలు కూడా అందులో చేరాయి.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఆపిల్ కంప్యూటరు ఉన్నవారికి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. అయితే అది వి.ఎస్.టి.ని తీసుకోదు, ఆడియో యూనిట్స్ అనే రకాన్నే తీసుకుంటుంది. ప్లగిన్ దించుకునేముందు ఈ మాట గుర్తుంచుకోండి. విండోస్ వారికి రీపర్ బాగుంటుంది. అరవై రోజులు ఏ లోటూ లేకుండా వాడి చూసి, తర్వాత కొనుక్కోవచ్చు. ప్లగిన్ పెట్టినా జాబితాలో కనబడకపోతే కంగారుపడకండి. అది ఏ ఫోల్డరులో ఉందో సెట్టింగుల్లో చూపించి, మళ్ళీ వెతకమనాలి. అంతే.

కొత్తవారిని బెదరగొట్టేది ఇంకొకటి ఉంది. మెట్టు ఇప్పుడు నొక్కితే శబ్దం కాసేపాగి వస్తుంది. చాలామంది కంప్యూటరు పాడైందనుకుంటారు. కారణం బఫర్. శబ్దాన్ని కొద్దికొద్దిగా మూటగట్టి పంపుతుంది కంప్యూటరు. సెకనుకు 44,100 నమూనాల లెక్కన, మూటకు 1024 పెడితే ఒక్కో మూటకే 23 మిల్లీసెకన్లు పడుతుంది. 128కి తగ్గిస్తే మూడు మిల్లీసెకన్లకు దిగుతుంది. వాయించేటప్పుడు తగ్గించండి. వాయించడం అయిపోయి, వరుసలు కలిపేటప్పుడు పెంచండి, లేకపోతే పాత కంప్యూటర్లలో శబ్దం చిటపటలాడుతుంది.

ఇక నా పొరపాటు. మా పెద్దమ్మకు ఇసురురాయి పాటలు మూడు వచ్చు. ఒక సంక్రాంతి సెలవుల్లో కంప్యూటరు తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. తబలా ప్లగిన్‌లో తాళం ఒకటి సిద్ధం చేసి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, దానికి పాడమన్నాను. రెండో చరణంలో ఆగిపోయింది. "నీ తాళం నాకంటే ముందుకు పోతా ఉంది నాయనా, నాకు ఊపిరాడొద్దా?" అంది. ఇసురురాయి తిప్పే చెయ్యి అలసినప్పుడు పాట మెల్లగిలుతుంది, పిండి తీసేటప్పుడు ఆగుతుంది. ఆ పాటకు తాళం ఆ చెయ్యే. నాకది అప్పుడు తట్టలేదు. ఎలాగో బతిమాలి పాడించి, తబలా గట్టిగా కలిపి, అంతా ఒకే ఫైలుగా దాచి, చోటు కోసం విడి వరుసలు చెరిపేశాను.

మిగతా రెండు పాటలూ మర్నాడు ఆవిడ ఇష్టానికి వదిలేశాను. హెడ్‌ఫోన్లు లేవు, తాళం లేదు. ఆ తర్వాత రెండేళ్ళకు పెద్దమ్మ పోయింది. కలిసిపోయిన శబ్దంలోంచి గొంతును విడదీసే సాధనాలు ఇప్పుడు వచ్చాయి గదా అని, ఆ మొదటి పాటను వాటికి ఇచ్చి చూశాను. గొంతు వచ్చింది గాని, మాటల చివర్లు తెగిపోయాయి. తబలా దెబ్బ పడినచోటల్లా అక్షరం మింగుడుపడింది. ఆ పాటలో మూడుచోట్ల పెద్దమ్మ ఏమందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అందుకని నేను చెప్పేది: ముందు గొంతు, తర్వాత వాయిద్యం. మెట్రోనోము ఆపేయండి. గొంతును ఒక్కదాన్నే, వేవ్ ఫైలుగా, విడిగా దాచండి, దాన్ని ముట్టుకోకండి. తర్వాత శ్రుతి చూడండి. పెద్దవాళ్ళు హార్మోనియం మెట్టుకు సరిగ్గా పాడరు. మా పెద్దమ్మ ఒకటిన్నరకూ రెండుకూ నడుమ పాడింది. రీపర్‌తోపాటే వచ్చే రియాట్యూన్ ఆ తేడా చూపించింది: ఒకటిన్నర కంటే సుమారు 35 సెంట్లు ఎక్కువ. ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ నడుమ వంద సెంట్లు. చాలామంది ఇక్కడ గొంతును లాగి మెట్టులో పెడతారు. నాకది గిట్టదు. తంబురా ప్లగిన్‌లో ఫైన్ ట్యూన్ అనే మీట ఉంటే తంబురానే 35 సెంట్లు పైకి జరపండి. ఆ మీట లేకపోతే దాని వరుస మీద రియాపిచ్ వేసి జరపవచ్చు. అలా చేశాక ఆవిడ పాట తంబురా మీద కూర్చున్న తీరు విని మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

వేణువో వీణో వాయించదలిస్తే, మెట్టు నొక్కి వదిలేస్తే గమకం పలకదు. కీబోర్డు పక్కనుండే పిచ్ బెండ్ చక్రం మామూలుగా అటు రెండు మెట్లు, ఇటు రెండు మెట్లు జారుతుంది. ఆ జారుడు నేర్చుకోవడానికి కొన్నాళ్ళు పడుతుంది. తప్పెట సంగతి మాత్రం వేరు. మన ఊళ్ళలో తప్పెట కొట్టేవారు ఇంకా ఉన్నారు. వారిని పిలిచి, తగిన డబ్బిచ్చి రికార్డు చేసుకోండి, దానికి ప్లగిన్ ఎందుకు?

ఈ వారం మీ ఇంటి పెద్దావిడ దగ్గర కూర్చున్నప్పుడు ఫ్యాను ఆపి, కిటికీ వేసి, పాడమని అడగండి. ప్లగిన్లు తర్వాత వెతుక్కోవచ్చు.