దిగులు పుట్టించు ఆకలి

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మంచినీటి కుళాయిలను గూర్చియో, వీధి దీపములను గూర్చియో మాటలాడవలసిన చోట ఇతడు తిండిని గూర్చి చెప్పుచున్నాడేమి అని మీరు తలపవచ్చును. నేను వైద్యుడను కాను. అనంతపురము జిల్లాలో ఒక చిన్న గ్రామమునకు పంచాయతీ సభ్యుడనుగా పనిచేసిన రైతును. ఇప్పుడు చెప్పబోవునది నా కడుపు నాకు నేర్పిన పాఠము.

2018వ సంవత్సరమున నా పాత బోరు ఎండిపోయినది. అప్పు చేసి క్రొత్తది వేయించితిని. 600 అడుగులు పోయినను దుమ్మే గాని తడి కానరాలేదు. వేరుశనగ చేను కన్నుల యెదుటనే వాడిపోయినది. ఆ దినములలో తెల్లవారక ముందే మెలకువ వచ్చెడిది. ఇంటిలో కూర్చుండలేక బస్సులు ఆగుచోటనున్న కొట్టునకు పోయెడివాడను. ఒక టీ, పిమ్మట ఉగ్గాని, దానితో నాలుగు మిరపకాయ బజ్జీలు, మరల ఒక టీ. ఇంటికి వచ్చి అన్నము తినుట మామూలే. కడుపు నిండియే యుండెడిది. చేయి మాత్రము ఆగెడిది కాదు. ఒకనాడు ఆ బజ్జీలు వేయు ఆమెయే నన్ను నిలువబెట్టి, "ఏమన్నా, ఆకలై తింటాండావా, అప్పు గుర్తుకొచ్చి తింటాండావా?" అని అడిగినది. తన బేరము తానే చెరుపుకొని ఆమె అడిగిన మాటను నేను నవ్వి త్రోసివేసితిని. మరుసటి యేడు ఆరోగ్య శిబిరములో రక్తపరీక్ష చేయగా, మనము షుగరు అని పిలుచుకొను మధుమేహము బయటపడినది. అప్పటికి నాకు 47 ఏండ్లు. బజ్జీలే దానిని తెచ్చినవని నేననను. మా నాయనకును ఆ జబ్బు ఉండెను. అయినను వచ్చుదానికి ఎదురేగి తలుపు తీసినవాడను నేనే.

ఈ అవస్థ నా యొక్కనిది కాదు. భారత వైద్య పరిశోధన మండలి సహాయముతో జరిగి 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైగా మధుమేహ రోగులు కలరు. అది పట్టణములలో అధికమైనను పల్లెలకును ప్రాకినది.

హఠాత్తుగా భయము కలిగినప్పుడు ఆకలి యుండదు. పామును చూచినవానికి అన్నము రుచింపదు గదా! కాని దిగులు నెలల తరబడి నిలిచినచో శరీరము వేరు దారి పట్టును. మూత్రపిండముల పైభాగమున నుండు చిన్న గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును అధికముగా విడుదల చేయును. అది పలువురిలో ఆకలిని పెంచి, తీపి మీదికిని నూనె వంటకముల మీదికిని మనస్సును మరల్చును. అవి తినగానే కొంత నెమ్మది కలుగును. ఆ నెమ్మది త్వరలోనే పోవును. దిగులు అట్లే యుండును. చేయి మరల పొట్లము కొరకు వెదకును. నిద్ర చాలనివానికి ఈ ఆకలి మరింత హెచ్చు. కొందరికి దిగులుతో అసలు ముద్ద దిగదు. వారి సంగతి వేరు. తినువానిని మాత్రము "నాలుక కట్టుకోరాదా?" అని ఎవరును కసరవలదు. ఆ కసురు మరియొక దిగులగును, దానికి మరియొక బజ్జీ పడును.

మగవాడు కొట్టు వద్ద తినుట నలుగురికి కనబడును. స్త్రీల సంగతి ఎవరికిని కనబడదు. పగలెల్ల పాటుపడి, అందరికి వడ్డించి, రాత్రి ఒంటరిగా కూర్చున్నప్పుడు, మిగిలిన అన్నమును పారవేయ మనసొప్పక, ఆనాడు పడిన మాటలను నెమరువేసుకొనుచు దానినంతయు తినివేయు తల్లులు ఎందరో కలరు. ఈ సంగతి నా భార్య చెప్పగా తెలిసినది, అదియు పెండ్లియైన ఇరువది యేండ్లకు.

ఇక చేయవలసినదేమి? మొదట ఒక చెంబు నీరో, పలుచని మజ్జిగయో త్రాగి పది నిమిషములు ఆగుడు. నిజమైన ఆకలి యైనచో వట్టి జొన్నరొట్టె యైనను రుచించును. దిగులు ఆకలి బజ్జీనే కోరును. ఈ పరీక్ష నాకు చాలసార్లు పనికివచ్చినది. చేతికి ఏదేని కావలసియే యున్నచో వేయించిన శనగలు, అలసంద గుగ్గిళ్ళు, జామకాయ, దోసకాయ ముక్కలు మేలు. శనగలను నమలుటకు సమయము పట్టును. అదియే వాటి గుణము. వేరుశనగ మన పంట గదా అని దోసిళ్ళతో తినరాదు. ఆ గింజలో సగమునకు దగ్గరగా నూనెయే గలదు, పిడికెడు చాలును. బెల్లము చక్కెర వంటిది కాదని షుగరు రోగులు నమ్ముచుందురు. ఆ నమ్మకమును విడువవలెను.

టీ లెక్క ఒకటి వినుడు. దినమునకు ఐదు టీలు, టీకి రెండు చెంచాలు, చెంచాకు సుమారు 5 గ్రాముల చక్కెర. అనగా రోజునకు 50 గ్రాములు, నెలకు కిలోన్నర. 2,000 కెలోరీల ఆహారము తినువానికి 50 గ్రాములకు లోపుగా చక్కెర ఉండవలెననియు, 25 గ్రాములకు తగ్గించినచో మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది. ఒక్క టీలతోనే మన హద్దు ముగిసిపోవుచున్నది! నేను చెంచాను సగము చేయుటకు నెలదినములు పట్టినది.

కాని తిండి మార్చినంతనే దిగులు పోదు. సాయంకాలము చెరువుకట్ట మీద మరియొకనిని వెంటబెట్టుకొని నడచుట నాకు అన్నిటికంటె ఎక్కువ మేలు చేసినది. నడచునప్పుడు అప్పు సంగతి నోటికి వచ్చును. ఎదురెదురుగా కూర్చున్నచో రాదు. తోడు దొరకనివారు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవ, రుసుము లేదు. ఈ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడ మీద వ్రాయించుడు.

పంచాయతీ చేయదగిన పనులు మరికొన్ని కలవు. మా సమావేశములలో బజ్జీలు, తీపి బిస్కత్తులు మాని గుగ్గిళ్ళు, మజ్జిగ పెట్టించితిమి. మొదటినాడు ఇద్దరు సభ్యులకు కోపము వచ్చినది. ఒకరు క్రమముగా ఒప్పుకొనిరి. రెండవవారు నేటికిని బజ్జీలు తెప్పించుకొనుచునే యున్నారు. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగా గల పదార్థములను బడి ఆవరణలోను, బడి గేటునకు 50 మీటర్ల లోపలను అమ్మరాదని 2020లో ఆహార భద్రతా నిబంధనలు వచ్చినవి. దానిని చూపి బీద కొట్లను వెళ్ళగొట్టుట సులభము. అట్లు చేసిన ఆ కుటుంబములకు క్రొత్త దిగులును మనమే తెచ్చినవారమగుదుము. మేము కొట్టువారిని పిలిచి కూర్చుండబెట్టి, గేటు వద్దనుండి దూరముగా చోటు చూపితిమి. మా బజ్జీల ఆమెను సాయంకాలము గుగ్గిళ్ళు కూడ వండుమని అడిగితిమి. ఎవరు కొందురని ఆమె సందేహించినది. మొదటి వారము పంచాయతీ సభ్యులమే కొంటిమి. ఇప్పుడు బడిపిల్లలును కొనుచున్నారు.

మొన్న వాన మొగము చాటువేసిన నాడు నా కాళ్ళు తెలియకయే ఆ కొట్టు వద్దకు నడచినవి. ఆమె నన్ను చూచి బాణలి వైపు పోలేదు. గుగ్గిళ్ళు పొట్లము కట్టి చేతికిచ్చి, పీట జరుపుకొని కూర్చుండి, "ఊ, చెప్పన్నా, బోరు సంగతి ఏమాయ?" అని అడిగినది. చీకటి పడువరకు చెప్పుచునే యుంటిని.