రిపోర్టు లేని ప్రమాదం మ్యాపులో ఉండదు

నేను డిప్లొమా చదివి సైటు సూపర్‌వైజర్ పని చేసుకుంటున్నవాణ్ణి. ఉపన్యాసాలు రావు, పనిలో తెలిసిన మాటే చెప్తా.

సైటులో నాకు ఇద్దరే ఫ్లాగర్లు ఉన్నారనుకోండి. గేటుకొకరు చొప్పున పంచెయ్యను. లారీలు ఎక్కడ, ఏ టైములో ఎక్కువ రివర్సు తీస్తాయో చూసి అక్కడ నిలబెడతా. ఇక్కడి పోలీసులూ అదే చేస్తున్నారు. మా టెన్నెస్సీ హైవే పెట్రోల్ వాళ్ళు పదేళ్ళ పైనుంచీ పాత ప్రమాదాల లెక్కలు, వాతావరణం, ఊళ్ళో జరిగే పెద్ద కార్యక్రమాలు అన్నీ కంప్యూటర్లో వేసి, ఏ ప్రాంతంలో ఏ నాలుగు గంటల్లో ప్రమాదాలకి ఎక్కువ అవకాశం ఉందో అంచనా కడతారు. దాన్నిబట్టే పెట్రోలింగ్ బళ్ళు పంపుతారు. మన దేశంలో 500 మీటర్ల రోడ్డులో మూడేళ్ళలో పది మంది చనిపోతే బ్లాక్ స్పాట్ అంటారు కదా, అలాంటి లెక్కే ఇదీను. అక్కడ చావులు లెక్కపెట్టి గుర్తిస్తాం, ఇక్కడ ముందే ఊహించాలని చూస్తారు.

అయితే కంప్యూటరుకి తెలిసేది రిపోర్టు రాసినదే. రెండేళ్ళ కిందట మా అపార్టుమెంట్ల గేటు ముందు మలుపులో మనవాడొకణ్ణి కారు గుద్దింది. భుజం వాచింది. పోలీసులకి ఫోన్ చేద్దామా అన్నాడు. "వద్దులే తమ్ముడూ, ఎందుకొచ్చిన గొడవ" అన్నది నేనే. ఆ మలుపులో అంతకుముందు కూడా మనవాళ్ళకి దెబ్బలు తగిలాయట, ఎవరూ చెప్పలేదు. నెల తిరక్కుండానే అక్కడే ఇంకో కుర్రాడికి కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతున్నాడు. మేం చెప్పి ఉంటే అది జరిగేది కాదని అనను. కానీ పోలీసుల మ్యాపులో ఆ మలుపు సురక్షితం, అలా చేసింది మేమే.

పోలీసులంటే మనకున్న భయం నాకూ ఉంది. అయినా చెప్తున్నా: దెబ్బ తగిలితే 911కి ఫోన్ చేయండి. రిపోర్టు నంబరు తీసుకోండి. ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అనండి, దుబాసీని అడగండి. కాగితాల భయం ఉంటే మన ఫోరం వాళ్ళని పక్కన పెట్టుకోండి. పోలీసు బండి ఆపితే మన ఊళ్ళోలాగా దిగి ఎదురెళ్ళకండి. కారులోనే కూర్చుని రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టండి.

ఆ కుర్రాడి ముందు నేను చెప్పలేని మాట ఈరోజు మీ ముందు చెప్పాను. సెలవు.