కరవునాటి విశ్వాసము

 

శ్రమకాలమున క్రైస్తవ విశ్వాసమును నిలుపుకొనుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. నేను బోధకుడను గాను. చిరకాలము బాలురకు శబ్దములును ధాతువులును చెప్పినవాడను. కావున నొక శబ్దముతోడనే యారంభింతును.

"విశ్వాసము" అను మాటకు మూలము "శ్వస" ధాతువు. ఊపిరి తీయుట దాని యర్థము. భయము వీడి నిబ్బరముగా నూపిరి తీసికొనుటయే విశ్వాసము. ఊపిరి సుఖముగా నాడుచున్నంతకాలము మనకు దాని స్మరణయే యుండదు. ఆడనప్పుడే దాని విలువ తెలియవచ్చును. విశ్వాసమును నట్టిదే.

మన పూర్వులలో ఎర్రగుంట్ల పేరయ్యగారి పేరు మీరు వినియేయుందురు. ఆయనది తాళ్లకొండపాడు, వృత్తి తోళ్లపని. మొదట రాజయోగమార్గమున దైవమును వెదకి, 1866వ సంవత్సరమున జ్యూయెట్టు దొరగారిచేత బాప్తిస్మము పొందెను. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనమండుగురు సభ్యులతో నేర్పడెను. విశ్వాసులైన మనవారు జాతరలలో డప్పు కొట్టమనిరి; చచ్చిన పశువుల మాంసము ముట్టమనిరి; ఆదివారమున పని చేయమనిరి. అందుకు ఫలముగా నీటికిని కూలికిని దూరమైరి. కొత్త మతము వారికి తొలుత తెచ్చిపెట్టినది సుఖము కాదు, కష్టమే.

పిదప 1876 మొదలు 1878 వరకు మదరాసు రాజధానిని మహాక్షామము పీడించెను. వానలు లేవు, పంటలు లేవు, పశువులు లేవు. ఒంగోలునందున్న క్లౌ దొరగారు పూర్వాశ్రమమున భూమి కొలుచు విద్య నేర్చినవారు. బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. తెలుగు బోధకులు మేస్త్రీలై పని చేయించుచు, ప్రొద్దుగూకిన పిమ్మట అలసినవారి నడుమ కూర్చుండి ఆదరణవాక్యములు చెప్పిరి.

ఇచట గమనింపవలసిన దొకటి కలదు. కరవు సాగుచుండగా దొరగారు ఏడాదికి మించి యెవరికిని బాప్తిస్మ మీయనీయలేదు. కూటికై కలియుచున్నారను శంక వారి కుండెను. సహాయధనము ముగిసిన పిమ్మట, ఇక నిచ్చుటకేమియు లేదు, ఇండ్లకు పొండని చెప్పిరి. జనులు కదలలేదు. పని చేసి బొబ్బలెక్కిన తమ చేతులను చూపి, తమకు ధనమక్కరలేదనియు, మరల పంట పోయినచో చత్తుమేకాని క్రైస్తవులమై చావగోరుచున్నామనియు విన్నవించుకొనిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి కడ గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీట నిలిచి యిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులే. దొరగారు స్వయముగా నొక్కరికిని ఈయలేదు.

మనవారు కూటికై కలిసిరని నిందించువారికి ఈ చరిత్రయే ప్రత్యుత్తరము. అయినను నేనొక మాట దాచను. ఆకలియే పెక్కండ్రను కాలువగట్టునకు తెచ్చినది. అందు సిగ్గుపడవలసినది లేదు. ఆకలి పాపము కాదు. ఆ క్షామమున విశ్వాసులును మరణించిరి. కనుక విశ్వాసము ఆపద రాకుండ కట్టుకొను రక్షరేకు కాదు. ఆపదలో చేయి విడువని తోడు.

ఇప్పుడు నా తప్పు నొకదానిని చెప్పుకొందును. 2021వ సంవత్సరపు మహమ్మారిలో నా పూర్వశిష్యుడొకడు తల్లిని కోల్పోయెను. ప్రార్థన చేసినను దేవుడేల వినలేదని యడిగెను. నేను పండితుడనను గర్వముతో యోబు గ్రంథమును వ్యాఖ్యానించితిని. అతడు విని మౌనముగా లేచిపోయెను. యోబు మిత్రులు ఏడు దినములు మాటలాడక అతనితో నేలపై కూర్చుండినంతవరకు మిత్రులుగానే యుండిరి. నోరు తెరచిన పిమ్మటనే తప్పిరి. అది నాకు పాఠముగా తెలియును, బుద్ధిగా తెలియలేదు. పిదప వారియింటికి పోయి, ఏమియు ననక, చీకటి పడువరకు కూర్చుంటిని. నాటినుండి అతడు మరల నాతో మాటలాడుచున్నాడు.

మన కాలమునకు వేరొక శ్రమ కలదు. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హక్కును హిందువులకు పరిమితము చేసెను, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరించిరి, క్రైస్తవులకు విస్తరింపలేదు. అందుచేత మనలో కొందరు ధ్రువపత్రమున నొక పేరును, దేవాలయమున నొక పేరును మోయుచున్నారు. బిడ్డ చదువుకై అట్లు చేసిన తండ్రిని నేను నిందింపజాలను. అతని రాత్రులు నిద్రలేనివని యెరుగుదును. కాని మతము మార్చుకొన్నంతమాత్రమున వాడలు మారలేదు, బావుల జ్ఞాపకము మారలేదు. ఈ సత్యమును ప్రభుత్వమునకు శాంతముగా, న్యాయమార్గమున, పలుమారు విన్నవించుట మన ధర్మము. హక్కునకై పోరాడుట విశ్వాసమునకు విరోధము కాదు. ఆ హక్కు దక్కువరకు ఊపిరి బిగబట్టుకొని బ్రతుకుటయే విరోధము.

కావున సోదరులారా, దుఃఖితుని యెదుట వ్యాఖ్యానము తగ్గించి అతని ప్రక్కన కూర్చుండుడు. ధనమును బట్టి దైవానుగ్రహమును కొలువకుడు. పిల్లలకు గుండ్లకమ్మ కథను చెప్పుడు. బొబ్బలెక్కిన ఆ చేతులు మనవేయని చెప్పుడు. కష్టము వచ్చినప్పుడు వారికి ఊపిరి తీయుట తెలియును.