పథ్యం పేరిట పస్తులా?



లక్డీకాపూల్‌లో దిగి రెడ్‌హిల్స్ ఆస్పత్రుల వైపు వెళ్ళే క్యారియర్లు చూడండి. చాలావాటిలో మెత్తటి అన్నం, పల్చటి చారు, మజ్జిగ. రెండు రోజుల విరేచనాలకైతే ఆ పథ్యం సరే. కాని ఏళ్ళ తరబడి పేగుపూత, క్రోన్స్ జబ్బు, కాలేయపు సిరోసిస్ ఉన్నవారికి నెలలకొద్దీ అదే పెడితే కండ కరిగిపోతుంది. అసలే తిన్నది ఒంటబట్టదు, ఆపైన లోపలి వాపు కండను తినేస్తుంది. స్టెరాయిడ్ మాత్రలు వాడితే అదొకటి.

బరువు చూసి మోసపోకండి. పొట్టలో నీరు చేరితే కాటా ముల్లు దిగదు. చేతులు ఛాతీమీద కట్టుకుని, కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి. 15 సెకన్లు దాటితే డాక్టరుగారికి చెప్పండి.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం, ఆరోగ్యవంతులకు కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 55 కిలోల మనిషికి 46 గ్రాములు. పేగుజబ్బు ముదిరినప్పుడూ, సిరోసిస్‌లోనూ 66 నుంచి 82 దాకా అవసరం. గంజిలో దొరికేది నామమాత్రం! గుడ్డులో 6, గ్లాసు పాలలో 6, గుప్పెడు పప్పులో మరో 6. పాలు పడనివారికి పెరుగు తరచు పడుతుంది. పొట్టు తీసిన పెసరపప్పు మెత్తగా ఉడికించి, అన్నంలో గుడ్డు చిదిపి, కొంచెం కొంచెంగా అయిదారుసార్లు పెట్టండి. పేగు సన్నబడినవారికి తోటకూర కాడలూ, ములక్కాడలూ వద్దు. మూత్రపిండాల జబ్బు కూడా ఉంటే మాత్రం డాక్టరుగారి లెక్కే లెక్క.

సిరోసిస్‌కి పప్పు, గుడ్డు మాన్పించడం పాత పద్ధతి. రాత్రి ఎనిమిదికి తిని, మర్నాడు ఎనిమిదికి కాఫీతో సరిపెడితే పన్నెండు గంటల పస్తు. ఆ పస్తులోనే ఒళ్ళు తన కండను తాను కరిగించుకుంటుంది. పడుకోబోయే ముందు ఇడ్లీయో, పాలలో నానిన అటుకులో తప్పక పెట్టండి.

అయితే తిండి ఒక్కటే చాలదు. కండకి పని చెప్పాలి. ఇందాకటి కుర్చీ పరీక్షే వ్యాయామం కూడా. గోడకి చేతులానించి నెట్టడం, నీళ్ళ సీసాలు ఎత్తడం వారానికి రెండు మూడుసార్లు చేస్తే మంచిది. ఓపిక వచ్చాక మెట్రో స్టేషన్ మెట్లున్నాయి, టిక్కెట్టు కూడా అక్కర్లేదు! జబ్బు తిరగబెట్టిన రోజుల్లో వరండాలో నాలుగడుగులు చాలు. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బినవారు బరువులెత్తే ముందు డాక్టరుగారిని అడగాలి.

ఇక, జబ్బు మనదే అయితే? అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలే చారే కదా మన వాటా! ముందే మీ గుడ్డు, మీ పప్పు విడిగా తీసి పెట్టుకోండి. అత్తగారు ఏమన్నా అంటే డాక్టరుగారి చీటీ చూపించండి.