దిద్దిన హిమపథమునకు దగిన బండి



నేడు నేను ముచ్చటింపబోవు వస్తువు మన పల్లెలలో కానవచ్చునది కాదు. మన నేలపై హిమము కురియదు. హిమముపై నడచు బండితో మనకు పని లేదు. అయినను మన గ్రామములనుండి వెడలిన బిడ్డలు పలువురు నేడు అమెరికాలోని మినెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రములందును, కెనడా దేశమందును కాపురములు చేయుచున్నారు. అచ్చటి ఉత్తరభాగములలో ఏటేట కొన్ని మాసములు నేల యంతయు తెల్లగా కప్పబడియుండును. ఆ దినములలో జనులు స్నోమొబైలు అను హిమపుబండి నెక్కి అడవిబాటల వెంట విహరింతురు. మన పిల్లలలో కొందరు తామును అట్టి బండి కొనవలెనని ముచ్చటపడుదురు. కొనునపుడు రెండు ప్రశ్నలు ఎదురగును. ట్రాకు ఎంత పొడవుండవలెను? వెనుక సస్పెన్షను ఎట్టిది కావలెను? ఇవి తెలియక కొన్నచో ధనము వ్యర్థమగుటయే కాదు, నడుము దెబ్బతినును. మలుపులో బండి లొంగక ఎదుటి బండిని తాకినచో ప్రాణమునకే ముప్పు. కొనువాడు దూరమున నున్నను, పెద్దలు టెలిఫోనులో నాలుగు మంచి ప్రశ్నలు అడుగగలిగినచో వానికి మేలు కలుగును. అందులకే ఈ ప్రసంగము.

ఈ బండి వినోదమునకై పుట్టినది కాదు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున వాల్కూర్ అను చిన్న ఊర జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అను యంత్రశిల్పి యుండెను. 1934వ సంవత్సరపు శీతకాలమున ఆయన రెండేండ్ల కుమారునికి కడుపులో ప్రమాదకరమగు వ్యాధి పుట్టెను. బాటలు హిమముతో పూడిపోయి యుండుటచే బిడ్డను ఆసుపత్రికి చేర్చుటకు వీలు కలుగలేదు. బిడ్డ మరణించెను. హిమముపై నడువగల బండికై ఆయన అంతకు ముందునుండియే పాటుపడుచుండెను. అటుపిమ్మట ఆ ప్రయత్నము మరింత దీక్షతో సాగెను. పండ్లచక్రము రబ్బరు ట్రాకును పట్టి త్రిప్పు పద్ధతికి ఆయన 1937లో పేటెంటు పొందెను. ఆ పెద్దబండ్లు వైద్యులను, రోగులను, బడిపిల్లలను మోసినవి. తరువాత 1959లో ఒకరిద్దరు ఎక్కదగిన చిన్నబండి స్కీ-డూ అను పేరున వెలువడెను. ఆయన 1964లో గతించెను. నేడు అడవిబాటలలో తిరుగు బండ్లు ఆ చిన్నబండి కోవకు చెందినవే.

దాని స్వరూపమును మాటలలో చూప యత్నించెదను. ముందుభాగమున స్కీలు అను రెండు పలకలుండును. వాని కొనలు పైకి వంగియుండును. చేతిపిడి త్రిప్పినచో స్కీలు తిరిగి బండి దారి మార్చును. వెనుకభాగమున నేలపై నడచు చక్రములు లేవు. బియ్యపుమిల్లులోని బెల్టువలె రెండు కొనలును కలిసిన వెడల్పైన రబ్బరు బెల్టు అచ్చట తిరుగుచుండును. అదియే ట్రాకు. విహారపుబండ్లలో దాని వెడల్పు సాధారణముగా 15 అంగుళములు. దాని వెలుపలి ముఖమున అడ్డముగా రబ్బరు గట్లుండును. అవి హిమమును పట్టి బండిని ముందునకు త్రోయును. ట్రాకు లోపల రెండు పొడవైన పట్టాలు రైలుపట్టాలవలె ప్రక్కప్రక్కన నుండును. వాని అడుగున నమర్చిన ప్లాస్టిక్కు పట్టీలపై ట్రాకు జారుచు తిరుగును. ఆ పట్టాలకును బండి చట్రమునకును నడుమ ముందొకటి వెనుకొకటిగా రెండు ఇనుపచేతులు, వానికి స్ప్రింగులు, షాకు అబ్జార్బరులు కలవు. ఇదంతయు కలిసి వెనుక సస్పెన్షను అనబడును.

ఇక బాట సంగతి. హిమము కురిసినది కురిసినట్లే యున్న చోటు వేరు. దిద్దిన బాట వేరు. మినెసోటా రాష్ట్రమున ఇట్టి బాటలు 20,000 మైళ్లకు పైగా నున్నవి. వానిలో చాలభాగమును ఊరూర నున్న విహారసంఘములవారు కాపాడుచున్నారు. మనవారు దమ్ముచేసిన మడిలో పలకను తోలి చదును చేసినట్లు, వారు పెద్ద ట్రాక్టరువంటి యంత్రమునకు బరువైన చట్రమును తగిలించి బాట వెంట ఈడ్తురు. చట్రమునందలి కత్తులు మిట్టలను చెక్కును. ఆ హిమము పల్లములలో పడును. వెనుకనున్న పలక దానిని అణచును. ఈ పని తరచుగా రాత్రివేళ జరుగును. అణచిన హిమము కొన్నిగంటలు చలిలో కదలక యున్నచో గట్టిపడును. ఉదయమున అది వేసిన రోడ్డువలె నుండును.

కాని ఆ చదును నిలుచునది కొంతసేపే. సెలవుదినమున వందల బండ్లు నడచును. ప్రతివాడును మలుపునకు ముందు వేగము తగ్గించును, మలుపు దాటగనే వేగము పెంచును. ట్రాకు హిమమును త్రవ్వి వెనుకకు నెట్టును. చిన్న గుంట యేర్పడును. తరువాతి బండి దానిలో దిగి లేచి దానిని మరికొంత లోతు చేయును. సాయంకాలమునకు బాట కంకరరోడ్డుపై వరుస గతుకులవలె తయారగును. కావున దిద్దిన బాటకు బండి నెన్నుకొనువాడు ఉదయపు బాటను మాత్రమే కాక సాయంకాలపు బాటనుగూడ తలపోయవలెను. ఈ ప్రసంగమున నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

దుకాణమువారు 121, 129, 137, 146, 155 అంగుళములని చెప్పు లెక్క ట్రాకు చుట్టుకొలత. నేలపై నానెడు పొడవు కాదు. ఈ భేదము తెలియక పలువురు భ్రమపడుదురు. 121 అంగుళములనుండి 137కు పోయినపుడు చుట్టుకొలత 16 అంగుళములు పెరుగును. అందులో సగము పైవరుసకు పోవును గనుక నేలనానెడు భాగము సుమారు 8 అంగుళములే పెరుగును. అయినను గతుకులబాటలో ఆ ఎనిమిది అంగుళములకు విలువ కలదు. గోదావరిలో చిన్నదోనె ప్రతి అలకును ఎగిరిపడును. పొడవైన పడవ రెండలలపై నొక్కమారుగా నానుకొని సాగిపోవును. అట్లే పొట్టిట్రాకు ప్రతి గుంటలో దిగి లేచును. పొడవుట్రాకు ఒక మిట్టనుండి మరియొక మిట్టకు వంతెనవలె పరచుకొనును. నేను మినెసోటాలో కొన్ని శీతకాలములు గడపి ఈ రెండు విధముల బండ్లను నడిపి చూచితిని. సాయంకాలపు బాటపై పొడవుబండి దిగినవాని నడుము పొట్టిబండి దిగినవాని నడుముకంటె సుఖముగా నుండుట వాస్తవము.

అట్లయిన మిక్కిలి పొడవైనదే కొనరాదా యని మీరడుగవచ్చును. కొనరాదు. దారి మార్చునవి ముందరి స్కీలు. ట్రాకు స్వభావమేమనగా నిలువుగా ముందునకే పోవుట. నేలనానెడు భాగము పెరిగినకొలది అది మలుపునకు అడ్డుతగులును. చేతిపిడి త్రిప్పినను బండి కొంతదూరము తిన్నగా జారి, తన ప్రక్కనుండి ఎదుటివాని ప్రక్కకు చొరబడును. ఈ బాటలపై సాధారణముగా రెండువైపులనుండియు బండ్లు వచ్చుచుండును. చెట్లచాటు మలుపులో ఎదుటిబండి కానరాదు. రెండు బండ్లును గంటకు 40 మైళ్ల వేగమున వచ్చుచున్నచో వాని నడుమ దూరము గంటకు 80 మైళ్ల వేగమున తరుగును. అప్పుడు ఆలోచించుటకు వ్యవధి యెక్కడిది? ఇదిగాక పొడవు పెరిగిన బండి బరువు పెరుగును, ఇంజనుబలము కొంత ట్రాకును త్రిప్పుటకే వ్యయమగును. 155 అంగుళములును అంతకు మించినవియు పర్వతములలో లోతైన మెత్తని హిమమున మునుగకుండుటకై యేర్పడినవి. గట్టిబాటపై ఆ గుణమునకు పని లేదు. దాని దోషము మాత్రము మిగులును.

ఇక సస్పెన్షను. దీనిని గ్రహించుటకు మన యెద్దుబండికంటె మంచి గురువు లేదు. బండిలో బరువు ఇరుసునకు వెనుక పడినచో కాడి పైకి లేచి యెద్దుల మెడలను బిగించును. బండి స్వాధీనములో నుండదు. బరువు ముందునకు వచ్చినచో మెడలు క్రుంగును. తెలిసిన రైతు రెంటికిని నడుమగా బస్తాల నమర్చును. హిమపుబండిలో కాడివంటివి స్కీలు. వేగము పెంచగనే బరువు వెనుకకు మొగ్గును, స్కీలు తేలికపడును, మలుపు స్వాధీనము తప్పును. దీనిని అదుపులో నుంచుట సస్పెన్షను చేయవలసిన ముఖ్యకార్యములలో నొకటి.

ఇందులకు రెండు సాధనములు కలవు. ముందరి ఇనుపచేయి క్రిందికి దిగుటను ఒక బలమైన పట్టీ అరికట్టును. దానిని లిమిటరు పట్టీ యందురు. దానిని కొంచెము కురచ చేసినచో స్కీలపై బరువు పెరిగి బండి మలుపునకు లొంగును. మిక్కిలి కురచ చేసినచో చేతిపిడి బరువెక్కి చేతులు నొచ్చును. వదులు చేసినచో ట్రాకునకు పట్టు పెరుగును, స్కీలు తేలిపోవును. రెండవ సాధనము ముందుచేతికిని వెనుకచేతికిని గల జోడింపు. కొన్ని బండ్లలో ఈ రెండు చేతులును దేనికది స్వేచ్ఛగా కదలును. మరికొన్నింట ఒకటి కొంత కదలిన పిమ్మట రెండవదానిని తనతో కొనిపోవును. జోడింపు ఉన్నచో వేగము పెంచినపుడు వెనుకభాగము అతిగా క్రుంగదు. ముందుచేతికి గతుకు తగిలినపుడు వెనుకచేయియు కలిసి మడిగి, బండి వెనుకభాగము ఎగసి మనిషిని విసరివేయకుండును. కావున దిద్దినబాటకు జోడింపుగల సస్పెన్షను మేలు.

స్ప్రింగులు మనిషి బరువునకు దగినట్లుండవలెను. చలిదుస్తులన్నియు ధరించి కూర్చున్నపుడు వెనుకభాగము తన మొత్తము కదలికలో సుమారు నాలుగవవంతు దిగినచో సరిపోవును. బొత్తిగా దిగకున్నచో స్ప్రింగు కఠినము. సగము దిగినచో బలహీనము. ఇద్దరు కూర్చున్నపుడు బిగువు పెంచవలెను. స్ప్రింగు మాత్రమే యున్నచో బండి బంతివలె ఎగురుచునే యుండును. షాకు అబ్జార్బరు లోపలి నూనె సన్నని రంధ్రములగుండ పోవుచు ఆ యెగురుబాటును వేడిగా మార్చి అణచును. చౌకరకపు షాకులు గతుకులలో ఎడతెగక నడచినచో వేడెక్కి పట్టు సడలును. ధనము మిగిలినచో గొప్ప ఇంజనుకంటె మంచి షాకులకు వెచ్చించుట నడుమునకు మేలు.

మరి రెండు చిన్నమాటలు. ట్రాకుమీది గట్లు దిద్దినబాటకు ఒక అంగుళము మొదలు ఒకటింబావు అంగుళము వరకు చాలును. రెండుమూడు అంగుళముల గట్లు లోతైన హిమమునకు. గట్టిబాటపై అవి వంగి వేడెక్కును, బాటను చీల్చును. మరియు ప్లాస్టిక్కు పట్టీలకు హిమమే కందెన. చాల బండ్లలో ఇంజనునీటిని చల్లార్చునదియు ట్రాకు చిమ్మెడు హిమమే. బాట గాజువలె గట్టిపడినపుడు హిమము చిమ్మక రెండును వేడెక్కును. అట్టిచోట హిమమును గీకి లేపు చిన్న ఇనుపకొక్కెములు బండికి అమర్చుకొనవలెను.

ఇప్పుడు సారాంశము చెప్పెదను. ఒంటరిగా, చక్కగా దిద్దిన మలుపుబాటలలో తిరుగువానికి 121 లేక 129 అంగుళములు చాలును. దినమంతయు దూరప్రయాణము చేయుచు గతుకుబాట తప్పనివానికి 137 తగినది. భార్యనో బిడ్డనో వెనుక కూర్చుండబెట్టుకొనువానికి 137 మొదలు 146 వరకు. అంతకు మించినది దిద్దినబాటకు అనవసరము.

మీ కుమారుడో మనుమడో బండి కొనెదనన్నపుడు ఇట్లడుగుడు. "నాయనా, పదిదినములు తిరిగినచో ఎన్నిదినములు దిద్దినబాటపై తిరిగెదవు? ఉదయము తిరిగెదవా, సాయంకాలమా? ఒక్కడవా, ఇద్దరా? నీ బరువునకు స్ప్రింగులు సరిచేయించితివా?" ఈ నాలుగింటికి ఉత్తరము చెప్పగలవాడు తప్పు బండి కొనడు. "పర్వతములకుగూడ పనికివచ్చునని కొంటిని" అనువానిని మరల నడుగుడు, పర్వతములకు ఎన్నడు పోయెదవని. ఎన్నడో ఒకనాటి కోరికకై కొన్న బండి ప్రతిదినమును మలుపులో అపాయము తెచ్చును. నిత్యము నడచు బాటకు దగిన బండియే మంచిబండి.